బేగంపేట స్టేషన్లో అమ్మ పేరు

కాశీ, రామేశ్వరం వెళ్ళొచ్చినవాళ్ళు యాత్రా విశేషాలు రాస్తే చదివి సంతోషించేదాన్నే గానీ, నేనూ ఒకటి రాస్తానని ఎన్నడూ అనుకోలేదు. నేను చేసిన ప్రయాణం చందానగర్ నుంచి బేగంపేట దాకా! హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్, నేచర్ క్యూర్ హాస్పిటల్... ఏడోది బేగంపేట. లోకల్ రైల్లో సుమారు అరగంట. దీనికి పెట్టె సర్దుకోనక్కర్లేదు, పులిహోర కట్టుకోనక్కర్లేదు. చేతిసంచిలో మంచినీళ్ళ సీసా ఉంటే చాలు. అయినా ఈ అరగంట ప్రయాణం చెయ్యడానికి నాకు అయిదేళ్ళు పట్టింది. ఎందుకో చెబుతాను, వినండి.

ఒకే పట్టాల మీద పుట్టిల్లు, అత్తిల్లు

మా పుట్టిల్లు తాండూరు. నాపరాళ్ళకీ, కందిపప్పుకీ పేరున్న ఊరు. మా కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. త్వరగా ఉడుకుతుంది, రుచి వేరు. మా నాయిన రాళ్ళు పాలిష్ చేసే యూనిట్లో మేస్త్రి. ఇంటర్ పాసయ్యాక, 1999లో నాకు పెళ్ళయి చందానగర్ వచ్చాను. తాండూరు, వికారాబాద్, లింగంపల్లి, చందానగర్, బేగంపేట, సికింద్రాబాద్... అన్నీ ఒకే రైలు దారి. "నువ్వు ఎక్కడికి పొయినవే బిడ్డా, గీ పట్టాల మీదనే గద ఉన్నవు" అనేది అమ్మ, నన్ను అత్తారింటికి పంపించేటప్పుడు నేను ఏడుస్తుంటే.

ఈ పట్టాలు వేసి నూట యాభై ఏళ్ళు దాటింది. బొంబాయి నుంచి మద్రాసు వెళ్ళే పెద్ద లైను మీద వాడి అనే జంక్షన్ ఉంది కదా, అక్కడినుంచి సికింద్రాబాద్ దాకా నిజాం ప్రభుత్వం తన డబ్బుతో వేయించిన లైను ఇది. 1874లో మొదలైంది. అప్పటికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఎనిమిదేళ్ళ పిల్లవాడు. రాజ్యం నడిపించింది దివాను సాలార్‌జంగ్. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఉన్న సైన్యానికి బొంబాయితో రాకపోకలు కావాలని ఇంగ్లీషువాళ్ళ పట్టుదల. ఎవరి అవసరం ఏదైనా, అంతకుముందు ఎడ్లబండ్ల మీద రోజుల తరబడి సాగే ప్రయాణం ఒక్కసారిగా గంటల్లోకి వచ్చింది. 1889 నాటికి ఈ లైనే వరంగల్ మీదుగా బెజవాడ దాకా వెళ్ళింది. 1907లో నాంపల్లి స్టేషన్, 1916లో కాచిగూడ స్టేషన్ వచ్చాయి. నిజాంగారి రైల్వే 1951లో భారత రైల్వేల్లో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

కాచిగూడ స్టేషన్లో ఆ రోజుల్లో పరదా పాటించే స్త్రీలకు వేరే చోటు ఉండేదట. ఎవరి కంటా పడకుండా రైలెక్కి, ఎవరి కంటా పడకుండా దిగడం! ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

బేగం ఎవరు?

బేగంపేట అంటే బేగం గారి పేట. నిజాం వంశపు ఆడపడుచు బషీరున్నీసా బేగం పెళ్ళిలో ఈ ప్రాంతాన్ని పైగా నవాబులకు కట్నంగా ఇచ్చారనీ, ఆవిడ పేరు మీదే బేగంపేట అయిందనీ చెబుతారు. చూశారా, ఆడపిల్లకు ఇచ్చిన కట్నం చివరికి ఆడపిల్ల పేరు మీదే నిలిచింది! మనలో ఎంతమందికి అంత భాగ్యం?

చిన్న పేటే అయినా పెద్ద కథలున్నాయి. దోమ ద్వారా మలేరియా వస్తుందని తేల్చిన రోనాల్డ్ రాస్ గారు ఆ పరిశోధన చేసింది ఈ బేగంపేటలోనే. 1897 ఆగస్టు 20న ఆయన దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశారు. దానికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం పాత విమానాశ్రయం దగ్గర ఇప్పటికీ ఉంది. ఇక ఆ విమానాశ్రయం సంగతి. 2008 మార్చి దాకా హైదరాబాదుకు వచ్చే విమానాలన్నీ అక్కడే దిగేవి. శంషాబాద్ వచ్చాక ప్రయాణికుల విమానాలు అటు వెళ్ళిపోయాయి. విమానాలు వెళ్ళిపోయాయి గానీ రైళ్ళు మాత్రం బేగంపేటను వదల్లేదు.

అటు సికింద్రాబాద్, ఇటు లింగంపల్లి, ఇంకోవైపు నెక్లెస్ రోడ్డు, ఖైరతాబాద్ మీదుగా నాంపల్లి... ఈ దారులు కలిసేది బేగంపేట దగ్గర. లోకల్ రైళ్ళే కాదు, దూరం వెళ్ళే రైళ్ళు కూడా కొన్ని ఇక్కడ ఆగుతాయి. అందుకే చూడ్డానికి చిన్నదైనా సందడి మాత్రం పెద్దదే.

ఉన్న పట్టాల మీద కొత్త రైలు

నేను కాపురానికి వచ్చిన కొత్తలో బేగంపేట వెళ్ళాలంటే సిటీ బస్సే. ఒక్కోసారి గంటన్నర పట్టేది. ఫుట్‌బోర్డు మీద మగవాళ్ళు వేలాడుతుంటే ఆ మధ్యలోంచి ఎక్కడం, దిగడం నరకం. మా వారు "ఒక్కదానివి ఎట్లా వెళ్తావు" అనేవారు. నేనూ "ఎట్లా వెళ్తాను" అనుకుని ఇంట్లోనే ఉండిపోయేదాన్ని.

2003 ఆగస్టు 9న ఎమ్ఎమ్‌టీఎస్ రైళ్ళు మొదలయ్యాయి. అప్పటి ఉపప్రధాని అద్వానీ గారు ప్రారంభించారు. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే కలిసి ఖర్చు పెట్టుకున్నాయి. ఇందులో తెలివైన పని ఏమిటంటే, ఊరంతా తవ్వి కొత్త లైను వెయ్యలేదు. నిజాం కాలం నుంచీ ఉన్న దారులనే వాడుకున్నారు. మధ్య మధ్య కొత్త స్టేషన్లు కట్టారు, ప్లాట్‌ఫారాలు వేశారు, ఇంజను విడిగా లేని కరెంటు రైళ్ళు తెచ్చారు. ఉన్న చీరకే కొత్త అంచు కుట్టించుకున్నట్టన్నమాట! అందుకే టికెట్టు చవగ్గా పెట్టగలిగారు. అయిదు రూపాయలతో మొదలు. ఆడవాళ్ళకు వేరే పెట్టెలున్నాయి.

పాత చీర కాబట్టి దాని ఇబ్బందులూ ఉన్నాయి. అవే పట్టాల మీద ఎక్స్‌ప్రెస్‌లు వెళ్ళాలి, గూడ్సు బళ్ళు వెళ్ళాలి, మన లోకలూ వెళ్ళాలి. పెద్దవాళ్ళు వస్తుంటే కోడలు పక్కకు తప్పుకున్నట్టు, దూరపు రైలు వస్తే లోకల్ ఆగాలి.

ఆ లేడీస్ పెట్టెలో ఒక్కసారి ఎక్కి చూడండి. అదొక వాడకట్టు. ఒకావిడ చిక్కుడుకాయలు ఒలుస్తుంటుంది, ఇంకొకావిడ ఫోన్లో కూతురికి పప్పు పోపు చెబుతుంటుంది. నాలుగిళ్ళలో అంట్లు తోమి వచ్చే ఆవిడ కిటికీకి తల ఆనించి నిద్రపోతుంటుంది. ఆమె దిగాల్సిన స్టేషను వస్తే పక్కావిడ తట్టి లేపుతుంది. బట్టల కొట్లో పనిచేసే అమ్మాయిలు, కాలేజీ పిల్లలు, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని హైటెక్ సిటీలో దిగే ఉద్యోగినులు... భరత్‌నగర్ వస్తే కూరగాయల సంచులు, నేచర్ క్యూర్ వస్తే బల్కంపేట ఎల్లమ్మ తల్లికి కొబ్బరికాయలు. ఎవరి పేరు ఎవరికీ తెలియదు. కానీ రెండు రోజులు కనిపించకపోతే మాత్రం "ఆరోగ్యం బాగాలేదా అక్కా?" అని అడుగుతారు.

అమ్మ పాసు

ఇవన్నీ నాకు తెలిసింది 2010లో.

అమ్మ రొమ్ములో గడ్డ వచ్చింది. దాదాపు ఏడాది ఎవరికీ చెప్పలేదు. "గదేం చెప్పుకుంటం బిడ్డా, సిగ్గుతోని" అంది తర్వాత. ఊళ్ళో ఒక డాక్టరుకు చూపిస్తే వేడి గడ్డ అని మలాం ఇచ్చాడట. నేను పండక్కి వెళ్ళినప్పుడు స్నానం చేయించబోతే బయటపడింది. అప్పటికే ఆలస్యమైంది. హైదరాబాదు తీసుకొచ్చాం, ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కరెంటు పెట్టాలన్నారు. వారానికి అయిదు రోజులు, అయిదు వారాలు. ఆసుపత్రి బేగంపేట దగ్గర.

అమ్మ అల్లుడింట్లో ఒక్క రాత్రి ఉండటానికే మొహమాటపడే మనిషి. రోజూ ఆటోకి అల్లుడి డబ్బు ఖర్చు పెట్టించడమంటే ఇంకేమైనా ఉందా! "నన్ను తాండూరుల దింపుండ్రి, నా రాత ఎట్లుంటే అట్లయితది" అని మొండికేసింది. మా వారి జీతం అప్పట్లో అంతంత మాత్రమే. రోజూ ఆటోలో తీసుకెళ్ళి తెచ్చే స్తోమత మాకు నిజంగానే లేదు. సెలవు పెట్టి వెంట వచ్చే వీలు ఆయనకు లేదు. ఏం చెయ్యాలో తోచక ఆ రాత్రంతా నిద్రపోలేదు.

పక్క పోర్షన్లో ఉండే ఆవిడ చెప్పింది, "లోకల్‌కి నెల పాసు తీసుకో. రోజూ టికెట్టు కొనే పనిలేదు. చాలా చవక" అని. మర్నాడే అమ్మను తీసుకుని చందానగర్ స్టేషనుకు వెళ్ళాను. ఫోటోలు తెచ్చుకుంటే గుర్తింపు కార్డు ఇస్తామన్నారు. కిటికీ అవతల గుమస్తా "పేరు?" అని అడిగాడు. అమ్మ నావైపు చూసింది. "నీ పేరు చెప్పమ్మా" అన్నాను. అమ్మ నోటివెంట తన పేరు రావడానికి కాసేపు పట్టింది. నిజమే మరి, తాండూరులో ఆమె మేస్త్రి భార్య. మాకు అమ్మ, మనవలకు అమ్మమ్మ. తన పేరు తాను చెప్పుకుని ఎన్నేళ్ళయిందో!

బయటికి వచ్చాక కార్డు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అమ్మకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. "ఇందుల మీ నాయిన పేరు లేదేందే?" అంది. ఓటరు కార్డులో భర్త పేరు ఉంటుంది. రేషను కార్డు నాయిన పేరు మీదే ఉంది. ఇల్లు నాయిన పేరు మీదే. భర్త పేరు లేకుండా ఒట్టి తన పేరుతో ఉన్న కార్డు అమ్మకు అదే మొదటిది. "రైలు ఎక్కేది నువ్వు గద అమ్మా, నాయిన ఎందుకు?" అన్నాను. చాలా రోజుల తర్వాత అమ్మ నవ్వింది.

నాకూ ఒక పాసు. మా చిన్నదానికి నాలుగేళ్ళు, అయిదేళ్ళ లోపు పిల్లలకు టికెట్టు లేదు. అలా మూడు తరాల ఆడవాళ్ళం రోజూ పొద్దున బయల్దేరేవాళ్ళం. మొదటి రోజు నాకు కాళ్ళు వణికాయి. మగతోడు లేకుండా నేను అంత దూరం వెళ్ళడం అదే మొదలు. మూడో రోజుకు ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలిసిపోయింది. పదో రోజుకు నేనే ఇంకొకావిడకు "నాంపల్లి బండి ఇది కాదమ్మా, వెనకది" అని దారి చెప్పాను!

బేగంపేటలో ప్లాట్‌ఫారం చివర ఒక సిమెంటు బల్ల ఉండేది. ఆసుపత్రి నుంచి వచ్చాక రైలు కోసం అక్కడ కూర్చునేవాళ్ళం. కరెంటు పెట్టినచోట చర్మం కమిలి మంటగా ఉండేది అమ్మకు. అయినా ఆ బల్ల మీద కూర్చుంటే మాటల్లో పడేది. డబ్బాలో జొన్నరొట్టె, కందిపప్పు తొక్కు. అమ్మ చెప్పిన ఆ తొక్కు మీకూ చెప్పనా? కందిపప్పు గుప్పెడు దోరగా, ఎర్రగా వేయించాలి. ఎండుమిర్చి, జీలకర్ర కూడా వేయించి, చింతపండు, ఉప్పు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు చేర్చి రోట్లో నూరాలి. నీళ్ళు ఎక్కువ పొయ్యకూడదు. మరీ మెత్తగా నూరకూడదు, పలుకుగా ఉంటేనే రుచి.

ఒకరోజు అమ్మకు బేగం కథ చెప్పాను. రైల్లో ఒక టీచరమ్మ నాకు చెప్పింది. అమ్మ అంతా విని, బోర్డు మీద పేరు వంక చూసి, "ఆమె పేరు మీద ఊరుంది, ఠేషనుంది. నా పేరు మీద గీ పాసు ఉంది" అని కొంగులో ముడి వేసుకుంది. పెళ్ళయిన పదకొండేళ్ళలో అమ్మతో నేను అంతసేపు కూర్చుని మాట్లాడింది ఆ బల్ల మీదే. పుట్టింటికి వెళ్తే ఆమెకు వంటపని, నాకు పిల్లల పని. ఎదురెదురుగా కూర్చునేది ఎప్పుడు? జబ్బు పుణ్యమా అని మాకు ఆ అయిదు వారాలు దొరికాయి.

అమ్మ కోలుకుంది. ఆ తర్వాత పరీక్షలకు తానే తాండూరులో రైలెక్కి బేగంపేటలో దిగేది. నేను చందానగర్ నుంచి వెళ్ళి కలుసుకునేదాన్ని. అదే బల్ల. అదే డబ్బా. మా పుట్టిల్లు మూడు నాలుగు నెలలకొకసారి బేగంపేట వచ్చి వెళ్ళేదన్నమాట!

రైళ్ళు ఆగినప్పుడు

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ తర్వాత లోకల్ రైళ్ళు ఆగిపోయాయి. మా ఇంటి వెనక నుంచి వినిపించే కూత ఆగిపోయింది. అమ్మ ఫోన్లో "పట్టాలు తుప్పు పడ్తయేమో బిడ్డా" అనేది. జూలైలో ఒక రాత్రి ఫోన్ వచ్చింది, అమ్మకు గుండె నొప్పి అని. పదేళ్ళు ఆ పెద్ద జబ్బును గెలిచిన మనిషిని గుండె తీసుకుపోయింది. తెలిసినవాళ్ళ కారు బతిమాలుకుని తెల్లారేసరికి చేరాం. చివరి చూపు దక్కింది, చివరి మాట దక్కలేదు.

పదిహేను నెలల తర్వాత, 2021 జూన్ 23న లోకల్ రైళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. సికింద్రాబాద్ వెళ్ళే పని ఉంటే ఎక్కేదాన్ని. కానీ బేగంపేట వస్తుంటే కిటికీ వైపు నుంచి మొహం తిప్పుకునేదాన్ని. అక్కడ దిగడం నావల్ల కాలేదు. నాలుగేళ్ళ పాప అప్పుడు, ఇప్పుడు కాలేజీ పిల్ల. బేగంపేట ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీలో సీటు వస్తే చేర్పించడానికి మా వారినే పంపాను.

కొత్త ముఖద్వారం

ఆ పిల్లే పోయిన శ్రావణంలో పట్టుబట్టింది. "అమ్మా, స్టేషను కొత్తగా కట్టారు, గుడిలాగా ఉంది, ఒక్కసారి రా" అని. అమృత్ భారత్ పథకంలో సుమారు 26 కోట్లతో బేగంపేట స్టేషన్ను తిరిగి కట్టారు. 2025 మే 22న ప్రధాని మోదీ గారు బికనేర్ నుంచి దేశంలో 103 స్టేషన్లను ఒకేసారి ప్రారంభించారు. తెలంగాణలో బేగంపేట, వరంగల్, కరీంనగర్ అందులో ఉన్నాయి. బేగంపేట ముందు భాగాన్ని కాకతీయుల శిల్పకళను తలపించేలా కట్టారు. కాకతీయులంటే మనకు గుర్తొచ్చేది రుద్రమదేవి. పేరేమో బేగం గారిది, వాకిలేమో రుద్రమ వంశానిది!

దానికంటే నన్ను కట్టిపడేసింది లోపల. టికెట్టు ఇచ్చేది ఆడమనిషి. టికెట్టు చూసేది ఆడమనిషి. జెండా పట్టుకున్నది ఆడమనిషి. మా అమ్మాయి నా మొహం చూసి నవ్వింది. "ఇది లేడీస్ స్టేషనమ్మా, అందరూ ఆడవాళ్ళే నడుపుతారు" అంది. 2017లో ముంబైలోని మాటుంగా స్టేషన్ను పూర్తిగా మహిళా సిబ్బందికి అప్పగించారు. ఆ తర్వాత దేశంలో ఇంకా కొన్ని స్టేషన్లు అలా అయ్యాయి. మన బేగంపేట కూడా ఆ కోవలో చేరింది. పరదా చాటున రైలెక్కిన కాలం నుంచి రైలుకే దారి చూపే కాలం దాకా వచ్చామన్నమాట.

ఖాళీగా ఉన్నప్పుడు ఒక ఉద్యోగినితో మాట కలిపాను. "పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?" అని అడిగాను. మన నోట మొదట వచ్చే ప్రశ్న అదే కదా! "మా అత్తమ్మ చూస్తది ఆంటీ. ఆమెకు నేను డ్యూటీ చెయ్యడమంటే గర్వం" అంది. మగవాళ్ళను ఎవరైనా ఆ ప్రశ్న అడుగుతారా అని తర్వాత నాకే సిగ్గేసింది.

లిఫ్టు చూస్తే మాత్రం కళ్ళు చెమర్చాయి. ఆపరేషన్ కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కిన అమ్మ గుర్తొచ్చింది. సిమెంటు బల్ల కోసం ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచాను. లేదు. కొత్తవి వేశారు. మా అమ్మాయి సంచిలోంచి డబ్బా తీసింది. జొన్నరొట్టె, కందిపప్పు తొక్కు! నాకు తెలియకుండా పొద్దున్నే లేచి మిక్సీలో చేసిందట. ఉప్పు కాస్త ఎక్కువైంది, మరీ మెత్తగా అయింది. కొత్త బల్ల మీద కూర్చుని ఇద్దరం మొత్తం తినేశాం.

మీరు వెళ్ళాలనుకుంటే

పొద్దున, సాయంత్రం ఆఫీసు వేళల్లో రద్దీ ఎక్కువ. పిల్లలతో వెళ్ళేవాళ్ళు పదకొండు తర్వాత వెళ్తే కూర్చోవచ్చు. బయల్దేరేముందు రైలు వేళ కనుక్కోండి. బేగంపేట మెట్రో స్టేషన్ నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. రోనాల్డ్ రాస్ భవనం వైపు వెళ్ళాలంటే ఆటో చేసుకోవాలి. అక్కడినుంచి వచ్చి, నెక్లెస్ రోడ్డు స్టేషనుకు లోకల్ ఎక్కితే హుస్సేన్ సాగర్ గట్టున సాయంత్రం గడపవచ్చు. ఇప్పుడు లోకల్ రైళ్ళు మేడ్చల్, ఉందానగర్ దాకా (2023 నుంచి), ఘట్‌కేసర్ దాకా (2024 నుంచి) కూడా నడుస్తున్నాయి. ఒక్క కోరిక మాత్రం ఉంది. నాలుగిళ్ళలో పనిచేసుకునే ఆవిడకు మెట్రో టికెట్టు భారం, ఈ అయిదు, పది రూపాయల రైలే ఆధారం. స్టేషన్లు ఇంత అందంగా కట్టినవాళ్ళు, ఆమె పనికి వెళ్ళే వేళకు, ఇల్లు చేరే వేళకు రైళ్ళు ఎక్కువ నడిపితే ఆ అందానికి అర్థం ఉంటుంది.

ఇంకొక మాట, ఇది ప్రయాణం మాట కాదు. ఒంట్లో ఎక్కడ గడ్డ కనిపించినా సిగ్గుపడి దాచుకోకండి. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. మీ అమ్మను, అత్తగారిని అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఆరోజు ఇంటికి వచ్చాక బీరువాలో చీరల అడుగున అమ్మ పాసు కార్డు తీశాను. ఆమె పోయాక కొంగుముడి విప్పితే దొరకలేదు గానీ, దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద దొరికింది. ఫోటో మాసిపోయింది, పేరు మాత్రం స్పష్టంగా ఉంది.

మర్నాడు చందానగర్ స్టేషనుకు వెళ్ళి నేను మళ్ళీ నెల పాసు తీసుకున్నాను, సికింద్రాబాద్ దాకా. మా వారు ఆశ్చర్యపోయి, "ఎవరికి బాగాలేదు? ఏ ఆసుపత్రికి?" అని అడిగారు. "ఆసుపత్రికి కాదండీ, ఊరికే, తిరగడానికి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే వచ్చేటప్పుడు మోండా మార్కెట్‌లో కూరగాయలు తీసుకురా" అన్నారు.

మీరూ ఒకసారి ఇంట్లో కాగితాలన్నీ తీసి చూడండి. మీ ఒక్కరి పేరు మీద ఏముందో, మీ అమ్మ పేరు మీద ఏముందో. ఏమీ లేకపోతే, నెల పాసుతోనైనా మొదలుపెట్టండి.